అబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్: క్లాసుకి మించి చదివే పిల్లలున్నవాళ్ల కోసం

ముందే చెప్పేస్తున్నా, ఇది హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారాలు ఫుట్‌పాత్ మీద అమ్మే పాత పుస్తకాల మీద జనరల్ రివ్యూ కాదు, అలాంటివి చాలామంది రాశారు, ఫొటోలు కూడా పెట్టారు. మా పాపకి ఎనిమిదేళ్లు, మూడో తరగతి. ఆరో తరగతి పిల్లలు చదివే ఇంగ్లీషు పుస్తకం చేతికిస్తే గడగడా చదివేస్తుంది. ఇలాంటి పిల్ల ఇంట్లో ఉంటే పుస్తకాలు ఎక్కడ వెతకాలి, ఎలా ఏరుకోవాలి అన్న ఒక్క విషయంలో ఆ ఫుట్‌పాత్ మాకు ఎంత పనికొచ్చిందో అదే రాస్తున్నా. పోయిన జూన్ నుంచి నెలకి రెండు ఆదివారాల చొప్పున వెళ్తున్నాం. మార్కులు కావాలంటే ఇంగ్లీషు పుస్తకాలకి ఐదుకి నాలుగున్నర, తెలుగుకి రెండు. ఎందుకో కింద చెప్తా.

"చదివే పిల్ల పుట్టింది, ఇంక నీకేం బాధ" అంటారు చుట్టాలందరూ. బాధ ఏంటంటే 350 పెట్టి తెప్పించిన పుస్తకం శనివారం భోజనాల వేళకి కొరియర్‌లో వస్తే సాయంత్రం పాలు తాగే టైముకి అయిపోతుంది, అయిపోగానే వంటింటి గడప మీద నిలబడి "అమ్మా, ఇంకోటి?" అంటుంది. ఇంకోటి ఎక్కణ్నుంచి తేను? దాని క్లాసు పుస్తకాలిస్తే పేజీకి నాలుగు లైన్లు, పది నిమిషాల పని. పై క్లాసులవి ఇద్దామంటే లోపల ఏముందో మనం మొత్తం చదివితే గానీ తెలీదు, దాని స్పీడుకి నేను చదవలేను.

అబిడ్స్ కంటే ముందు చేసిన ప్రయత్నం ఒకటి చెప్పాలి. ఇంటికి పుస్తకాలు తెచ్చిచ్చే ఒక లైబ్రరీలో చేరాం, పేరు రాయను. చేరేటప్పుడు ఏ క్లాసు అని అడిగారు, మూడు అన్నాను, అంతే, ఆ మూడు అన్న అంకె మా అకౌంటుకి ఫెవికాల్ పెట్టి అంటించినట్టు అంటుకుపోయింది. వారం వారం పెద్దక్షరాల పుస్తకాలు, కుక్కపిల్ల తప్పిపోయింది, కుక్కపిల్ల దొరికింది. ఫోన్ చేసి కొంచెం పెద్దవి పంపండి బాబూ అంటే "ఏజ్ గ్రూప్ మార్చమంటారా మేడం" అన్నాడు, మార్చమన్నాను, తర్వాతి వారం పదమూడేళ్లు దాటిన పిల్లల సంచీ వచ్చింది. మూడుకీ పదమూడుకీ మధ్య అసలు పిల్లలే ఉండనట్టు.

ఆ సంచీలో ఒక నవల. అట్ట మీద హాస్టల్ బొమ్మ, సరదాగానే ఉంది, నేను రెండు పేజీలు తిరగేసి ఇచ్చేశాను. తప్పు నాదే. సగంలో ఒక తమ్ముడు చచ్చిపోతాడు, మామూలుగా కాదు, అదంతా ఆ అక్క కళ్ల ముందే జరుగుతుంది, ఇరవై పేజీలు. మా పాపకి అందులో అర్థం కాని మాట ఒక్కటి కూడా లేదు. అదే వచ్చింది చిక్కు. నాలుగు రాత్రులు లైటు ఆర్పనివ్వలేదు, తన తమ్ముణ్ని స్కూల్ వ్యాన్ ఎక్కనివ్వలేదు. పైకి ఏం చెప్పలేదు, ఐదో రోజు జడ వేస్తుంటే "వాళ్లమ్మ ఎందుకు చూసుకోలేదు" అంది. అప్పుడు నాకు వెలిగింది. కన్ను ఆరో తరగతిది, మనసు మూడో తరగతిదే, ఈ రెండింటికీ కలిపి ఒకే అంకె వేసి పుస్తకం కొంటే కుదరదు.

మా చెల్లెలు డల్లాస్‌లో ఉంటుంది, దానికి చెప్తే నవ్వి, అక్కడ చాలా బళ్లలో పుస్తకాలకి ఒక లెవెల్ నెంబరు ఉంటుందని చెప్పింది. యాక్సిలరేటెడ్ రీడర్ అని ఒకటి, లెక్సైల్ అని ఒకటి. మొదటిదాంట్లో 5.2 అని ఉంటే ఐదో తరగతి రెండో నెలలో ఉన్న మామూలు పిల్లలు చదవగలిగేది అని. బాగానే ఉందనుకున్నా, తర్వాత కొంచెం చదివి చూస్తే ఆ నెంబరు కట్టేది ముఖ్యంగా వాక్యం ఎంత పొడుగు, మాటలు ఎంత కష్టం అన్న లెక్కతో. కథలో ఏం జరుగుతుందో దానికి అనవసరం. కరువుకి పొలాలు పోయి, ఊరు వదిలి, దారి పొడుగునా చచ్చిబతికే కూలీ కుటుంబం గురించిన పెద్దవాళ్ల అమెరికన్ నవల ఒకటి ఈ లెక్సైల్ లెక్కలో 680 దగ్గరుంది, అంటే దాదాపు మా పాప క్లాసు పిల్లల పుస్తకాల వరసలో! వాక్యాలు చిన్నవి మరి. అందుకేనేమో యాక్సిలరేటెడ్ రీడర్‌లో లెవెల్ పక్కనే ఇంకో గుర్తు కూడా పెడతారు, చిన్న క్లాసులవాళ్లకి ఎల్‌జీ, నాలుగు నుంచి ఎనిమిది దాకా ఎంజీ, తొమ్మిది నుంచి యూజీ, అది విషయాన్ని బట్టి. లెక్సైల్‌లో ఎన్‌సీ అని ఒక కోడ్ ఉంది, భాష కష్టం గానీ విషయం చిన్నపిల్లలదే అని అర్థం. మన పిల్లలకి కావాల్సింది అచ్చంగా అవే. ఇదంతా ఇక్కడెందుకు చెప్తున్నానంటే అబిడ్స్‌లో ఇది పనికొస్తుంది. విదేశాల నుంచి వచ్చిన సెకండ్‌హ్యాండ్ పుస్తకాలు అక్కడ కుప్పలు, వాటిలో అమెరికా బడి లైబ్రరీలు తీసేసినవి కూడా ఉంటాయి, లోపల "డిస్కార్డ్" అని ఎర్ర ముద్ర, అట్ట లోపలో వెన్ను మీదో ఆ లెవెల్ స్టిక్కరు ఊడిపోకుండా అలాగే ఉంటుంది. లెవెల్ 5, 6 ఉండి పక్కన ఎల్‌జీ ఉందంటే ఇంకేం ఆలోచించకుండా తీసేసుకుంటా. అరుదే, ఎనిమిది నెలల్లో ఓ పదకొండు దొరికాయి.

సరే, అసలు సంగతికి వస్తా. ఆదివారం షాపులు మూసి ఉంటాయి కాబట్టి వాటి షట్టర్ల ముందు, అరుగుల మీద, ఫుట్‌పాత్ మీద పట్టాలు పరిచి పుస్తకాలు పోస్తారు. మేం మియాపూర్‌లో మెట్రో ఎక్కి నాంపల్లిలో దిగుతాం, అక్కణ్నుంచి నడకే. చూస్తే సగం చోటు పోటీ పరీక్షల గైడ్లు, ఇంజనీరింగ్ పుస్తకాలు, వాటిని దాటుకుంటూ పోవాలి. పిల్లల పుస్తకాలు కొన్ని కుప్పల్లో విడిగా, కొన్ని కుప్పల్లో అన్నిటితో కలిసిపోయి ఉంటాయి. వంటల పుస్తకం కింద డైనోసార్లు, దాని కింద 1990ల నాటి ఫ్యాషన్ పత్రిక, దాని కింద పసుపు అంచు నేషనల్ జియోగ్రఫిక్.

నాకు ఇదే నచ్చింది, ఎవరి వయసూ రాసి లేని కుప్ప. మాల్‌లోని షాపుకి వెళ్తే మా పాప "ఆరు నుంచి ఎనిమిది" అన్న బోర్డు కింద నిలబడి మొహం మాడ్చుకుంటుంది, పక్క బోర్డు కిందకి వెళ్తే అక్కడున్న పెద్దపిల్లలు అదోలా చూస్తారు. ఇక్కడ బోర్డే లేదు. గొంతుక్కూర్చుని తవ్వుకోవడమే.

మేం ఎప్పుడూ వెళ్లే ఒకాయన ఉన్నాడు, అరవై దాటి ఉంటాయి. మొదటిసారి అడిగాడు, "పాప ఎన్నో క్లాసు మేడం?" మూడు అన్నాను, అలవాటు కొద్దీ. ఆయన బొమ్మల పుస్తకాల వైపు చెయ్యి చూపించేలోపే ఇది వెళ్లి ఒక లావుపాటి పుస్తకం లాగింది. ఆయన ఒక్క క్షణం చూసి "చదువొస్తదా బిడ్డా? ఏదీ, నడిమిట్ల తీసి చదువు" అన్నాడు. చదివింది. "మంచిగ చదువుతున్నది గదా. గిట్ల నిలవడి గాదు, కూసో" అని రెండు డిక్షనరీల మీద పాత పేపరు వేసి కూర్చోబెట్టాడు. ఆ రోజు నుంచి ఆ డిక్షనరీలే దాని కుర్చీ. నేను గమనించింది ఏంటంటే ఆయన మళ్లీ ఎప్పుడూ క్లాసు అడగలేదు. "పోయినసారి కొన్నది అయిపోయిందా, ఎట్లున్నది?" అని అడుగుతాడు. అది బాగుంది అంటే దానికి దగ్గరగా ఉండేది ఇంకోటి తీస్తాడు, బాలేదు అంటే "ఏం బాలే?" అని అడిగి వింటాడు. నెలకి అన్ని వందలు తీసుకున్న ఆ లైబ్రరీ ఈ ప్రశ్న ఒక్కసారి కూడా అడగలేదు.

అన్నిట్లోకీ గొప్పగా పనికొచ్చింది ఒక పాత అట్లాసు. అట్ట సగం ఊడింది, 60 రూపాయలు. నేనైతే ఎప్పటికీ కొననిది, ఇదే ఏరింది. ఇంటికి కూడా రాకముందే మొదలైంది, నాంపల్లి మెట్రో స్టేషన్ మెట్ల మీద కూర్చుని "అమ్మా, ఇందులో మన తెలంగాణ లేదు" అంది. చూస్తే నిజమే, మొత్తం ఆంధ్రప్రదేశే. ఇంకా తిప్పితే ఛత్తీస్‌గఢ్ లేదు, జార్ఖండ్ లేదు, చెన్నై ఉండాల్సిన చోట మద్రాసు, ముంబయి బదులు బొంబాయి, జర్మనీలు రెండు, పైన ఇంత పొడుగున సోవియట్ యూనియన్. దానికి అదొక నేరపరిశోధన అయిపోయింది. ఇంటికొచ్చి స్కూల్ అట్లాసు పక్కన పెట్టుకుని నేల మీద బోర్లా పడుకుని తేడాలు నోట్‌బుక్‌లో రాసింది, మొదటి రోజే పంతొమ్మిది. ఒక్కోదానికీ ఎందుకు మారింది, ఎప్పుడు మారింది అని వాళ్ల నాన్నని పీక్కుతింది. ఆయనకి రెండు జర్మనీల సంగతి సగమే తెలుసు, రాత్రి ఫోన్‌లో చదువుకుని పొద్దున చెప్పాడు పాపం. మూడు వారాలు గడిచింది ఆ 60 రూపాయలతో. అలాగే ఒక పాత సైన్స్ ఎన్‌సైక్లోపీడియాలో ప్లూటో ఇంకా తొమ్మిదో గ్రహమే. 2006లోనే తీసేశారుగా, ఇది తప్పు అని పెన్సిల్‌తో కొట్టేసి పక్కన సరిదిద్దింది. అచ్చులో ఉన్నది కూడా తప్పు కావచ్చని దానికి నేను చెప్తే ఎక్కేది కాదు.

కథలు కాస్త తగ్గించి ఇలాంటివాటి వైపు రావడంతో నా టెన్షన్ సగం తగ్గింది. అగ్నిపర్వతాల గురించి, తేనెటీగల గురించి, ఓడల గురించి పెద్దవాళ్ల కోసం రాసినది ఇచ్చినా రాత్రి లైటు ఆర్పుకునే పడుకుంటుంది, కానీ మాటలు మాత్రం గట్టివి, నమలడానికి టైము పడుతుంది. పాత నేషనల్ జియోగ్రఫిక్ ఒక్క సంచిక దానికి నాలుగు రోజులు వస్తోంది, మాకు 30కో 40కో ఇస్తారు. అయితే ఒక మాట, యుద్ధాల మీదా కరువుల మీదా వ్యాసాలుంటాయి వాటిలో, ఫొటోలు దాచుకోకుండా వేస్తారు, ఒకసారి తిరగేసి ఇవ్వండి.

కథల పుస్తకాలకి మేం పెట్టుకున్న పద్ధతి ఇది. మధ్య పేజీ తీసి చదవమంటా, తెలియని మాట వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడుస్తుంది, ఐదువేళ్లూ ముడిచేస్తే ఆ పుస్తకం తర్వాతెప్పుడైనా. ఒక్క వేలూ ముడవకపోతే అప్పుడు నేను కొంచెం జాగ్రత్తపడతా, అంటే ఇది ఆగకుండా చివరిదాకా పోతుంది అన్నమాట, లోపల ఏమున్నా సరే. అప్పుడు నా వంతు. పుస్తకాలన్నీ సంచీలో వేసుకుని తాజ్ మహల్ హోటల్‌కి వెళ్లి దానికి ఇడ్లీ, నాకు కాఫీ చెప్తా. అది తినేలోపు ఒక్కో పుస్తకంలో చివరి పది పేజీలు, మధ్యలో రెండు మూడు చోట్ల చదువుతా. ఎవరు చచ్చిపోతారు, ఎవరు ఎవర్ని కొడతారు, ప్రేమ గోల ఎంత, ఇంతే నేను చూసేది. అనుమానం వస్తే ఆ పుస్తకం నా అల్మరాలోకి పోతుంది, రెండేళ్ల తర్వాత ఇస్తా అని చెప్పే పెడతా, దాచిపెట్టను. దాచిపెడితే వెతుక్కుని మరీ చదువుతుంది, నేను కూడా చిన్నప్పుడు అంతేగా.

చవక కావడంలో ఇంకో సుఖం ఉంది, అది కొన్నాళ్లకి గానీ నాకు తెలీలేదు. 400 పెట్టి కొన్న పుస్తకం పిల్ల పది పేజీలు చదివి పక్కన పడేస్తే మనకి ప్రాణం ఉసూరుమంటుంది, "కొనేదాకా ఏడ్చావు, ఇప్పుడు చదవ్వా" అని నోరు జారతాం. 50 రూపాయల పుస్తకం పడేస్తే ఏముంది, నచ్చలేదేమో అనుకుంటాం. ఆ ముసలాయన అయితే బాగా ఉన్నవి తిరిగి సగం ధరకి తీసుకుంటాడు కూడా, అందరూ తీసుకోరు, కొనేటప్పుడే అడగాలి.

ఇప్పుడు తెలుగుకి రెండే మార్కులు ఎందుకో. ఇంగ్లీషులో ఆరో తరగతి అని ఇందాక గొప్పలు పోయానే, అదే పిల్ల తెలుగులో ఒకటో తరగతి దాటి రెండులో పడుతూ లేస్తూ ఉంది. "స్వాతంత్ర్యం" దగ్గర ఆగి, ఆ వత్తుల్ని చూసి నా మొహం చూస్తుంది. ఒకే పిల్లకి రెండు లెవెళ్లు. పైగా తెలుగులో సమస్య తిరగబడుతుంది, చదవగలిగినవి దానికి మరీ పసితనంగా ఉంటాయి, "ఆవు పాలిచ్చును" చదవమంటే అవమానం, కాస్త విషయం ఉన్నవి చదవడం రాదు. దీనికి అబిడ్స్‌లో దొరికే ఒకే ఒక్క మందు పాత చందమామలు. రాజులు, దొంగలు, మంత్రులు, మోసాలు, బుద్ధికి పని పెట్టే కథలు, కానీ వాక్యాలు పొట్టివి, తేటగా ఉంటాయి. ఒక పేరా నేను, ఒక పేరా అది, అలా లాక్కొస్తున్నాం. కష్టం ఎక్కడంటే 1947లో మొదలైన పత్రిక, ఇప్పుడు రావట్లేదు, దాచుకునేవాళ్లు ఎక్కువైపోయారు, అమ్మేవాళ్లకి ఆ విలువ మనకంటే బాగా తెలుసు. విడి సంచిక 80, 100 చెప్తారు. బైండ్లు ఒకచోట ఉంటే ధర అడిగి దండం పెట్టి వచ్చేశా. చందమామ కనబడగానే "అబ్బా చందమామ!" అన్నారో, అయిపోయారు, పక్కనున్న గైడు బేరమాడుతూ దాన్ని కూడా కలిపి అడగాలి.

అవి తప్ప పిల్లల తెలుగు పుస్తకాలు ఆ ఫుట్‌పాత్ మీద గుప్పెడు కూడా ఉండవు. తెలుగు కోసం అబిడ్స్ వెళ్లకండి, తార్నాకలో "మంచి పుస్తకం" అనే ప్రచురణ సంస్థ వాళ్లవి ఉన్నాయి, పిల్లల కోసమే వేస్తారు, ధరలు కూడా మన అందుబాటులోనే. ఎన్‌టీఆర్ స్టేడియంలో డిసెంబర్‌లో పుస్తక ప్రదర్శన పెట్టినప్పుడు చాలా ప్రచురణలు ఒకేచోట తిరగేసి చూసుకోవచ్చు. డబ్బు పెట్టకుండా కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్‌లో తెలుగు కథలు నాలుగు స్థాయిలుగా ఉంటాయి, క్లాసు కాకుండా స్థాయి చూసి తీసుకోవచ్చు కాబట్టి మా పాపకి సిగ్గు లేదు, డౌన్‌లోడ్ చేసి ప్రింటు తీసి స్టేపుల్ కొట్టి ఇస్తున్నా.

ఇక అబిడ్స్‌తో బాధలు. దుమ్ము. తుమ్ములున్న పిల్లలైతే ఆలోచించుకోండి. మేం తెచ్చినవన్నీ ఒకరోజు బాల్కనీలో ఎండలో పెట్టి, మధ్యమధ్యలో ఎండు వేపాకు వేసి తర్వాతే లోపలికి తెస్తాం. వానాకాలం వెళ్తే సగం పట్టాలు కప్పేసి ఉంటాయి, ఆగస్టులో ఒకసారి ఊరికే తడిసొచ్చాం. పిల్లల్ని బాత్రూమ్‌కి తీసుకెళ్లడానికి హోటలే గతి. కొత్తగా బాగా అమ్ముడుపోతున్న పుస్తకాలు మెరిసే అట్టతో 100కి, 120కి ఇస్తుంటే అవి నకిలీ ప్రింట్లు, అక్షరాలు వంకర, పేజీలు రెండుసార్లు వస్తాయి, ముట్టుకోకండి. చిన్నపిల్లలు చూడకూడని అట్టలు పిల్లల పుస్తకాల పక్కనే ఉంటాయి, పిల్లని ఒక కుప్ప దగ్గర వదిలి మీరు ఇంకో కుప్పకి పోవద్దు.

అన్నిటికంటే పెద్ద దెబ్బ పేజీలు లేకపోవడం. ఒక డిటెక్టివ్ కథలో చివరి పన్నెండు పేజీలు లేవు, ఆ రాత్రి మా ఇంట్లో జరిగిన గొడవ చెప్పుకుంటే పరువు పోతుంది. ఇప్పుడు కొనేముందు తనే చూసుకుంటుంది. చివరి పేజీ తెరిచి, కథ తెలిసిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, కింద పేజీ నెంబరు మాత్రం వేళ్ల సందులోంచి చూస్తుంది.

పదిన్నరకల్లా ఉండేలా వెళ్లండి, మరీ ముందే వెళ్తే ఇంకా మూటలు విప్పుతూ ఉంటారు, పన్నెండు దాటితే ఎండకి పిల్ల చిరాకు పడిపోతుంది. ఫోన్‌పే అందరి దగ్గరా ఉంది గానీ పదులూ ఇరవైలూ చేతిలో ఉంటే బేరం బాగా కుదురుతుంది. సీరియల్‌గా వచ్చే పుస్తకాల్లో మూడో భాగం దొరుకుతుంది, మొదటిది దొరకదు, దానికి మనసు సిద్ధం చేసుకోండి. మా పాప ప్రస్తుతం ఒక గుర్రాల కథల వరసలో ఒకటీ మూడూ పట్టుకుని కూర్చుంది, రెండు లేదు. ఆకుపచ్చ అట్ట, మీద తెల్లగుర్రం, వెన్ను మీద 2 అని ఉంటుంది. ఈ ఆదివారం మాకు తెనాలిలో పెళ్లి ఉంది, రాలేం. మీలో ఎవరైనా వెళ్లి అది కనబడితే దయచేసి కొనెయ్యకండి, డిక్షనరీల మీద పిల్లల్ని కూర్చోబెట్టే ఆయన ఎవరో కనుక్కుని ఆయన దగ్గర పెట్టి రండి.